నొప్పి ఆలస్యంగా చేరే గాయం

వంటగ్యాస్ ప్రమాదకరమైనదని తెలియని ఇల్లు ఈనాడు లేదు గాని, ఆ ప్రమాదమంతా నిప్పు రూపంలోనే వస్తుందన్న నమ్మకం ఎంతగా పాతుకుపోయిందంటే, అదే గ్యాస్ తన చల్లదనంతో చర్మాన్ని, కండను, ఒక్కొక్కసారి వేలిలోని ఎముకను కూడా చంపగలదన్న సంగతి బండలు మోసే చేతుల దాకా చేరనే లేదు. వేసవిలో పగటి వేడి 40 డిగ్రీలను సునాయాసంగా దాటిపోయే మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో మంచుకాటు అనే మాట, హిమాలయాల్లో కాపలా కాసే సైనికులకు సంబంధించిన వ్యవహారంగా వినిపించడం సహజమే. అయితే ద్రవరూపంలో ఉన్న గ్యాస్ చర్మం మీద పడినప్పుడు బయట ఎండ ఎంత కాస్తున్నదన్నది లెక్కలోకి రాదు. ఎండ పెరిగేకొద్దీ బండలోపలి పీడనం కూడా పెరుగుతుంది కాబట్టి, కారడమంటూ మొదలైతే ఆ ద్రవం మరింత జోరుగా బయటికి చిమ్ముతుంది.

ఎల్పీజీ, అంటే ద్రవీకృత పెట్రోలియం వాయువు, ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. మామూలు గాలి పీడనం వద్ద ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బ్యూటేన్ సుమారు మైనస్ అర డిగ్రీ దగ్గర మరుగుతాయి. ఇనుప బండలో పీడనం కింద బంధించి ఉంచినందువల్లనే అవి ద్రవంగా నిలుస్తాయి. బయటపడిన మరుక్షణం మరగడం మొదలుపెడతాయి. ఏ ద్రవమైనా ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని తనకు తగిలిన వస్తువు నుంచి లాక్కుంటుంది. ఒక కిలో ఎల్పీజీ ఆవిరి కావడానికి సుమారు 400 కిలోజౌళ్ల వేడి అవసరమైతే, సున్నా డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో నీటిని మంచుగా మార్చడానికి దాని నుంచి 334 కిలోజౌళ్లు తీసేస్తే సరిపోతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, పిడికెడు ద్రవం వేలి మీద పడి ఆవిరైనప్పుడు ఆ వేలికి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

నిలబెట్టిన బండలో ద్రవం అడుగున, ఆవిరి పైన ఉంటాయి కాబట్టి వాల్వు తెరిచినప్పుడు ఆవిరే వస్తుంది. పడుకోబెట్టినా, తలకిందులు చేసినా ద్రవం వాల్వు దగ్గరికి చేరి అదే బయటికి వస్తుంది. పనిలో జరిగే మంచుకాట్లను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క వాక్యం చాలావరకు సరిపోతుంది. లారీ నుంచి నిండు బండలను దొర్లించేటప్పుడు వాల్వులోని పిన్ను ఇరుక్కుని తిరిగి మూసుకోకపోతే, పక్కకు ఒరిగి ఉన్న బండ నుంచి చిమ్మేది ద్రవమే. డెలివరీకి వెళ్లినప్పుడు వాల్వు కారుతున్నదా లేదా అని చూడడానికి వేలిగోటితోనో పుల్లతోనో పిన్నును నొక్కి చూసే అలవాటు కొందరిలో ఉంది. బండ నిటారుగా ఉన్నంతవరకు దాని ఫలితం చల్లని గాలి తగలడమే కావచ్చు గాని, భుజాన ఒరిగి ఉన్న బండపై అదే పని చేస్తే వేలి కొసకు ద్రవమే తగులుతుంది. పెళ్లిళ్లకు వండే వంటవాళ్లు, టిఫిన్ బండ్ల వాళ్లు వాడే 19 కిలోల వాణిజ్య బండల విషయం మరికొంచెం వేరు. పెద్ద పొయ్యిలు ఎక్కువసేపు మండినప్పుడు లోపలి ద్రవం తన వేడిని తానే పోగొట్టుకుని చల్లబడుతుంది, బండ అడుగు భాగానికి బయటివైపు తెల్లటి మంచు పడుతుంది, మంట సన్నగిల్లుతుంది. అప్పుడు మిగిలిన గ్యాస్‌ను రాబట్టడానికి బండను పడుకోబెట్టడం, ఊపడం, మరిగే నీళ్లు పోయడం చాలాచోట్ల కనిపించే పనులు. పడుకోబెట్టిన బండ నుంచి ద్రవం గొట్టంలోకి దిగితే పొయ్యి దగ్గర మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది. రెగ్యులేటరు ఊడితే దాన్ని పట్టుకున్న చెయ్యి మంచుకాటుకు గురవుతుంది. మంట సన్నగిల్లినప్పుడు చేయవలసింది మరో బండను జోడించడమో, మొదటిదానికి కాసేపు విరామం ఇచ్చి వాడడమో తప్ప మరొకటి లేదు.

అన్నిటికంటే ఎక్కువ ద్రవం చేతుల మీదికి వచ్చేది దొంగచాటు రీఫిల్లింగులో. 14.2 కిలోల ఇంటి బండను తలకిందులు చేసి, గొట్టం ద్వారా చిన్న బండలలోకో ఆటో ట్యాంకులోకో గ్యాస్‌ను దించే ఈ వ్యాపారంలో ద్రవం రావడం పొరపాటున జరిగేది కాదు, పని జరగాలంటే ద్రవమే రావాలి. గొట్టం బిగించినప్పుడు, విప్పినప్పుడు ప్రతిసారీ కొంత ద్రవం చిమ్మక తప్పదు. 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు, 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాలు ఇలాంటి బదిలీని అనుమతించవు. ఇందులో గాయపడిన కూలివాడు, కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రిలో నిజం చెప్పడు. చెప్పకపోతే వైద్యుడు దాన్ని మామూలు కాలిన గాయంగా చూసే అవకాశం ఉంది. వైద్యుడి దగ్గర గాయానికి కారణం దాచడం, గాయం కంటే పెద్ద నష్టం తెచ్చిపెట్టే పని. చట్టబద్ధమైన పనుల్లో కూడా ఈ బెడద లేకపోలేదు: ఆటో ఎల్పీజీ బంకులో నాజిల్ విప్పేటప్పుడు, ట్యాంకర్ నుంచి నిల్వట్యాంకుకు గ్యాస్ ఎక్కించాక గొట్టం తీసేటప్పుడు, రెండు వాల్వుల మధ్య చిక్కుకున్న కొద్దిపాటి ద్రవం వేళ్ల మీద పడవచ్చు.

చర్మం మీద పడిన ద్రవం చేసే నష్టం రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో చర్మంలోని నీరు గడ్డకట్టి, కణాల చుట్టూ మంచు స్ఫటికాలు ఏర్పడతాయి. ఆ స్ఫటికాలు కణాల లోపలి నీటిని బయటికి లాగడంతో కణాలు ఎండి చిట్లుతాయి, సన్నని రక్తనాళాలు ముడుచుకుపోయి రక్తం రావడం ఆగిపోతుంది. రెండో దశ, ఆ భాగం మళ్లీ వెచ్చబడ్డాక మొదలవుతుంది. అప్పటికే లోపలి పొర దెబ్బతిన్న రక్తనాళాల్లో రక్తం చిన్నచిన్న గడ్డలుగా కట్టుకుని, మొదటి దెబ్బకు తట్టుకుని బతికిన కండను కూడా ఆకలితో చంపుతుంది. అందుకే మంచుకాటు తగిలిన వెంటనే కనిపించే రూపాన్నిబట్టి గాయం తీవ్రతను తేల్చడం నిపుణులైన శస్త్రవైద్యులకు కూడా సాధ్యం కాదు. ఎంత భాగం చచ్చిందో, ఎంత భాగం బతుకుతుందో స్పష్టంగా విడిపోయి కనిపించడానికి వారాలు పడుతుంది.

ఈ అధ్యాయంలో చెప్పదలచిన అసలు విషయం ఇక్కడే ఉంది. నిప్పు తగిలినప్పుడు నొప్పి మనిషిని కాపాడుతుంది, ఎందుకంటే ఆలోచన పుట్టేలోపే చెయ్యి వెనక్కి వస్తుంది. చల్లదనం మాత్రం మొదట నొప్పిని మోసుకెళ్లే నరాలనే మొద్దుబారుస్తుంది. ఒక్క క్షణం చురుక్కుమని, ఆ తరువాత ఏమీ అనిపించదు. చర్మం మైనంలా బిగుసుకుని పాలిపోయి ఉంటుంది, చేతిని కదిలించగలిగినా ఏ స్పర్శా తెలియదు. ఆ భాగం కరిగి వెచ్చబడ్డాక, అరగంటకో గంటకో, భరించలేని మంట, పోటు మొదలవుతాయి. ఈ మధ్యకాలాన్నే కార్మికుడు పొరపాటున "ఏమీ కాలేదు" అని అర్థం చేసుకుని, మిగిలిన బండలు దించేస్తాడు. మార్కాపురం పలకల గనుల్లో, కోత మిల్లుల్లో పనిచేసినవారికి ఇలాంటి గాయం కొత్త కాదు: రాతిదుమ్ము పీల్చిన రోజున ఊపిరితిత్తులకు ఏమీ తెలియదు, తెలిసేనాటికి ఏళ్లు గడిచిపోతాయి. గ్యాస్ పనిలో ఆ ఏళ్లు అరగంటకు కుదించుకుపోతాయి. శరీరం చెప్పేదాకా ఆగడంలోని ప్రమాదం మాత్రం అదే.

కాబట్టి గ్యాస్‌తో పనిచేసేవాడు అలవరచుకోవలసిన మొదటి క్రమశిక్షణ, తన చర్మం చెప్పేదానికంటే తన కళ్లు చూసినదాన్ని ఎక్కువగా నమ్మడం. ద్రవం చిమ్మడం కంటికి కనిపించిందా, చర్మం మీద తెల్లటి పొర ఏర్పడిందా, ఆ చోట గిల్లితే తెలుస్తున్నదా లేదా అన్న మూడు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి ఊరటనిచ్చే జవాబు రాకపోయినా గాయమైనట్టే లెక్కించాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. వైద్యగ్రంథాల్లోని చిత్రాలు ఎక్కువగా తెల్లని చర్మం మీద తీసినవి కావడం వల్ల ఎరుపు, ఊదా రంగుల తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు అంత స్పష్టంగా కనిపించదు, బూడిద రంగులోకి పాలిపోవడం, మెరుపు తగ్గడం, బిగుసుకోవడం వంటివే గుర్తులు. తరువాతి గంటల్లో తేటనీటితో బొబ్బలు లేస్తే గాయం చర్మపు పైపొరల దాకా వెళ్లిందని, రక్తం నిండిన నల్లని బొబ్బలు లేస్తే లోతుకు దిగిందని సూచన. బొబ్బలే లేకుండా వేలు గట్టిగా, చల్లగా, స్పర్శ లేకుండా ఉండిపోవడం అన్నిటికంటే చెడ్డ గుర్తు.

ప్రథమ చికిత్సలో మొదటి పని చేతికి సంబంధించినదే కాదు. ద్రవం చిమ్మిన చోట గ్యాస్ పేరుకుని ఉంటుంది. అది గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది కనుక నేల మీద, కాలువల్లో, గోతుల్లో పరుచుకుంటుంది, గాలిలో రెండు శాతం లోపు కలిసినా అంటుకోగలదు. కంటికి కనిపించే తెల్లటి పొగమంచు గాలిలోని తేమ గడ్డకట్టడం వల్ల ఏర్పడేదే గాని అది గ్యాస్ హద్దు కాదు, కనిపించని గ్యాస్ దానికి అవతల కూడా ఉంటుంది. కనుక గాయపడినవాణ్ణి ముందు గాలి వచ్చే వైపుకు, నిప్పు లేని చోటికి తీసుకుపోవాలి, గ్యాస్‌తో తడిసిన బట్టలతో ఉన్నవాడి దగ్గర అగ్గిపుల్ల గీయరాదు, స్విచ్చులు వేయరాదు. "చలికి వేడే మందు" అనుకుని చేతిని పొయ్యి సెగకు పట్టించడం ఇక్కడ రెండు విధాలుగా చేటు: బట్టల్లోని గ్యాస్ అంటుకోవచ్చు, మొద్దుబారిన చర్మం తాను కాలుతున్నట్టు కూడా తెలుసుకోలేదు.

బట్ట చర్మానికి అంటుకుని గడ్డకట్టి ఉంటే దాన్ని లాగితే చర్మం కూడా దానితో ఊడి వస్తుంది, అందువల్ల నీళ్లు పోసి కరిగించాకనే తీయాలి. ఉంగరాలు, కంకణాలు, చేతిగడియారం వెంటనే తీసేయాలి. వాపు వచ్చాక అవి వేలికి రక్తం అందకుండా బిగుసుకుంటాయి. ఆ తరువాత చేతిని గోరువెచ్చని నీటిలో, అంటే 37 నుంచి 39 డిగ్రీల మధ్య ఉన్న నీటిలో, 15 నుంచి 30 నిమిషాల సేపు, చర్మం మెత్తబడి రంగు తిరిగి వచ్చేదాకా ముంచి ఉంచాలి. నీరు చల్లారినప్పుడల్లా కొత్త వెచ్చని నీరు కలుపుతూ ఉండాలి. నీటి వేడిని గాయపడిన చేతితో పరీక్షించకూడదు, ఆ చేతికి ఏదీ తెలియదు కాబట్టి మరొకరి మోచేతిని ఆనించి చూడాలి. ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. మేడ మీద నల్లట్యాంకులో ఎండకు కాగిన నీళ్లు మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. వాటిని నేరుగా పడితే మంచుకాటు పైన కాలిన గాయం కూడా చేరుతుంది. వెచ్చని నీరు అందుబాటులో లేకపోతే మామూలు నీటితో కడగడం, చేతిని సొంత చంకలో పెట్టుకుని వెచ్చబరచడం సరిపోతాయి.

రుద్దడం, నూనె పూయడం, మంచుగడ్డ పెట్టడం, పసుపో టూత్‌పేస్టో సిరానో రాయడం చేయకూడనివి. వీటిలో రుద్దడమే అతి పెద్ద కీడు, ఎందుకంటే చర్మంలోని మంచు స్ఫటికాలను కణజాలంలోకి మరింతగా నూరినట్టు అవుతుంది. బొబ్బలను పగలగొట్టరాదు. వెచ్చబరచిన చెయ్యి మళ్లీ చల్లబడకుండా చూసుకోవాలి, వేళ్ల మధ్య పొడి దూదినో మెత్తని బట్టనో ఉంచి వదులుగా కట్టు కట్టాలి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండేలా పట్టుకోవాలి. బీడీ కాల్చడం నిప్పు భయం వల్లనే కాక మరో కారణంగా కూడా కూడదు: పొగాకులోని నికోటిన్ ముడుచుకున్న రక్తనాళాలను ఇంకా ముడుచుకునేలా చేస్తుంది. ద్రవం కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి పదిహేను నిమిషాలకు తగ్గకుండా మామూలు నీటితో కడిగి, వెంటనే కంటి వైద్యుడి దగ్గరికి పంపాలి. మెదడు మత్తుగా ఉండడం, కళ్లు తిరగడం వంటివి గ్యాస్ పీల్చి ఆక్సిజన్ తగ్గిందనడానికి గుర్తులు, అప్పుడు చేతి గాయం రెండో విషయమవుతుంది.

ఏ పుస్తకమైనా "పారే నీటి కింద ఉంచండి" అని తేలికగా రాస్తుంది గాని, నీటి ఎద్దడికి పేరుపడిన ఈ ప్రాంతంలో ఊరి చివరి గోదాములో కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయన్న భరోసా లేదు. అందువల్ల గోదాములోను, డెలివరీ వాహనంలోను తాగే నీటితో సంబంధం లేకుండా ఒక పెద్ద క్యాన్ నీళ్లు, శుభ్రమైన చిన్న బకెట్టు, మెత్తని బట్ట ఎప్పుడూ సిద్ధంగా ఉంచడం ఇక్కడి నియమం కావాలి. గోదాముల్లో ఇసుక బకెట్లు, మంటలార్పే పరికరాలు వరుసగా వేలాడుతూ కనిపిస్తాయి, అవి ఉండవలసినవే. మంచుకాటుకు కావలసిన బకెట్టు మాత్రం ఎవరి జాబితాలోనూ కనిపించదు.

దీనికి కారణం లేకపోలేదు. 2022 సెప్టెంబరు మొదట్లో, కొమరోలు మండలం దద్దవాడ దగ్గర, మూడు వందలకు పైగా గ్యాస్ బండలతో వెళ్తున్న లారీ రాత్రివేళ జాతీయ రహదారి మీద అంటుకుని, వందకు పైగా బండలు ఒకదాని తరువాత ఒకటి పేలిపోయాయి. ఎవరికీ ప్రాణహాని జరగలేదు గాని ఆ మంటలు, ఆ చప్పుళ్లు ఈ ప్రాంతం మరచిపోలేదు. అలాంటి సంఘటన ఒకటి ఊరి జ్ఞాపకంలో ఉన్నప్పుడు గ్యాస్ అంటే నిప్పే గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు. అయితే లారీ తగలబడడం ఎప్పుడో ఒకసారి జరిగేది. వాల్వు దగ్గర వేలికి ద్రవం తగిలే అవకాశం రోజూ బండలు దించే ప్రతి మనిషికీ ప్రతిరోజూ ఉంటుంది, పెద్ద చప్పుడు లేనందువల్లనే అది వార్త కాదు.

చేతి తొడుగుల విషయంలో చిన్న వివేకం అవసరం. పలుచని నూలు తొడుగు ద్రవాన్ని పీల్చుకుని చర్మానికి అంటిపెట్టి ఉంచుతుంది, ఒట్టి చెయ్యి మీద నుంచి జారిపోయేది తొడుగులో చిక్కుకుని గాయాన్ని లోతు చేస్తుంది. రబ్బరు తొడుగు చల్లదనానికి బిరుసెక్కి పగులుతుంది. లోపల పొర ఉన్న, చలి ఆపేందుకు తయారుచేసిన తోలు తొడుగులు, విదిలిస్తే ఊడిపోయేంత వదులుగా ఉన్నవి సరైనవి. ప్యాంటు కాళ్లు బూట్ల బయటే ఉండాలి, లోపలికి దోపితే కిందికి కారిన ద్రవం బూటులో నిలుస్తుంది. చెప్పులతో బండలు దించే అలవాటు పాదాల మీద పడే బరువు దృష్ట్యా ఎలాగూ తప్పే, ద్రవం దృష్ట్యా మరింత తప్పు. కారుతున్న బండను వేలితో మూసి ఆపడానికి ప్రయత్నించడం కొందరికి ధైర్యంగా కనిపిస్తుంది. సేఫ్టీ క్యాప్ బిగించి, బండను నిటారుగా నిలబెట్టి, బహిరంగ ప్రదేశానికి తీసుకుపోయి, గ్యాస్ లీకేజీకి దేశవ్యాప్తంగా ఉన్న అత్యవసర సంఖ్య 1906కు ఫోన్ చేయడమే పనితనం. కొత్తగా పనిలో చేరిన కుర్రవాడి ముందు ఒట్టి చేతులతో వాల్వు ముట్టుకుని చూపించే అనుభవజ్ఞుడు, తనకు తెలియకుండానే ఆ కుర్రవాడికి వేలు పోగొట్టుకోవడం నేర్పుతున్నాడు.

గాయం చిన్నదిగా కనిపించినా సరే, బొబ్బ లేచినా, గంట గడిచినా స్పర్శ తిరిగి రాకపోయినా, వేలు బిగుసుకుని వాచి రంగు మారుతున్నా అదే రోజు వైద్యుడికి చూపించాలి. రక్తనాళాల్లోని గడ్డలను కరిగించే మందులు, గడ్డకట్టిన భాగం వెచ్చబడిన తొలి 24 గంటల్లో ఇస్తేనే ఎక్కువ ఉపయోగం, ఆ సౌకర్యం పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది. మార్కాపురం నుంచి ఒంగోలుకు సుమారు వంద కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి ఇంకా ఎక్కువ దూరం. గిద్దలూరు వైపు వారికి నల్లమల ఘాట్ దాటితే నంద్యాల దగ్గర. ఆ దూరాలను బట్టి చూస్తే "రేపు ఉదయం చూద్దాం" అన్న నిర్ణయం ఒంగోలులో ఉన్నవాడికంటే ఈ ప్రాంతపు కార్మికుడికి ఎక్కువ ఖరీదు అవుతుంది. దగ్గరి ఆసుపత్రిలో ధనుర్వాత టీకా వేయించుకుని, "ద్రవ గ్యాస్ పడి వచ్చిన మంచుకాటు" అన్న మాట ఓపీ చీటీ మీద రాయించుకోవాలి. మానిన తరువాత కూడా ఆ వేళ్లు చలికి తట్టుకోలేకపోవడం, తిమ్మిరెక్కడం, కీళ్లు బిగుసుకోవడం నెలలు, ఏళ్లు ఉండవచ్చు కాబట్టి ఆ చీటీ విలువ అప్పుడు తెలుస్తుంది.

పనిలో, పని కారణంగా కలిగిన గాయానికి పరిహారం చెల్లించే బాధ్యత యజమానిపై 1923 నుంచీ చట్టంలో ఉంది. సంస్థ ఈఎస్ఐ పరిధిలో ఉంటే వైద్యం, సెలవు కాలపు భృతి అటునుంచి వస్తాయి. అయితే రక్షణ పరికరం ఇచ్చి, వాడమని చెప్పినా కావాలని వాడలేదని తేలితే పరిహారం దక్కకపోవచ్చు, అసలు గాయమే రికార్డు కాకపోతే దక్కేదేమీ లేదు. డెలివరీ పని చేసేవారిలో చాలామంది జీతపు పుస్తకంలో పేరు లేని కూలీలు గనుక, గాయపడిన రోజు, గంట, స్థలం, చూసినవారి పేర్లు ఒక కాగితం మీద రాసి ఏజెన్సీ కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవడం తప్పనిసరి పనిగా పెట్టుకోవాలి.

మార్కాపురం, గిద్దలూరు, కంభం పరిసరాల్లోని గ్యాస్ ఏజెన్సీల యజమానులు ఈ నెలలోనే ప్రతి గోదాములో తోలు తొడుగులు, ఒక నీళ్ల క్యాన్, బకెట్టు, గాయాల రిజిస్టరు ఉంచి, పైన చెప్పిన ప్రథమ చికిత్సను తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి గోడకు అతికించాలి. అది జరగని చోట కార్మికులే కలిసి యజమానిని రాతపూర్వకంగా అడగాలి.